బీరపాదు మీద తల్లీపిల్లా

మా ఆయన పొద్దస్తమానం ఆడవాళ్ళతోనే మాట్లాడతాడు, ఇంట్లో ఉన్న ఒక్క ఆడదానితో తప్ప. అప్పుడే ముక్కున వేలేసుకోకండి. ఆయన పనే అది. దిల్‌సుఖ్‌నగర్ పెద్ద రోడ్డు మీద చీరల దుకాణంలో సేల్స్‌మన్. పరుపు మీద నిలబడి వచ్చినావిడకు చీర విప్పి చూపిస్తాడు. ఆవిడ పెదవి విరిచిందంటే ఆ చీరనే తన నడుముకు చుట్టుకుని, కుచ్చిళ్ళు పోసి, కొంగు భుజం మీద వేసుకుని అటు తిరిగి ఇటు తిరిగి చూపిస్తాడు. మీసాలున్న మనిషి. ఒకసారి ఏదో పని మీద దుకాణానికి వెళ్ళి ఈ వేషం కళ్ళారా చూశాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ వచ్చినావిడతో ఎంత తియ్యగా మాట్లాడుతున్నాడనుకున్నారు. ఆవిడ చీర కొనుక్కుని వెళ్ళిపోయింది. నేను బస్సెక్కి ఇంటికొచ్చాను.

ఈ బాలనర్సయ్యే ఒకప్పుడు నోరు మూస్తే ఊపిరాడదన్నట్టు ఉండేవాడు. మాది పోచంపల్లి పక్కన ఊరు, నేతపని వాళ్ళం. ఒకటే గది. ఆయన గుంట మగ్గంలో కాళ్ళు దించుకుని నేసేవాడు. నేను ఎదురుగోడ దగ్గర ఆసు ముందు కూర్చుని, మేకు నుంచి మేకుకు దారం తిప్పీ తిప్పీ భుజం పడిపోయేదాకా పోసేదాన్ని. రోజంతా ఒకరి మొహం ఒకరికి ఎదురుగానే. మగ్గం చప్పుడు మీదుగా అరిచి మాట్లాడుకునేవాళ్ళం. ఊళ్ళో ఎవరింట్లో ఏం జరిగిందో, నా వంటలో ఏం తక్కువైందో, మా అన్న ఎంత పిసినారో, అన్నీ ఆ చప్పుడులోనే. దెబ్బలాటలూ అందులోనే. పిల్లలు లేరన్న మాట ఒకటే మేం ఎత్తేవాళ్ళం కాదు. తక్కిన మాటలకు మాత్రం కరువుండేది కాదు.

తరవాత ఆయన మోకాళ్ళు గుంటలోకి దిగనంటూ మొండికేశాయి. దుకాణంలో పనిచేసే మా దూరపు చుట్టం గుండయ్య, ఆయన్ను కూడా అక్కడికే రమ్మన్నాడు. మగ్గం అమ్మేశాం. ఎల్.బి. నగర్ దాటాక ఎల్లయ్య పటేలని ఒకాయన తన జొన్నచేలు ప్లాట్లుగా కోస్తుంటే, మేమూ ఒక చిన్న ముక్క తీసుకుని ఒక గదీ వంటిల్లూ వేసుకున్నాం. పైన ఎప్పుడో వేయబోయే అంతస్తు కోసం స్లాబు మీద ఇనుప చువ్వలు నిలబెట్టి వదిలేశారు. ఎనభై ఆరు నాటికి మా కాలనీకి పేరుంది, బోర్డుంది, రోడ్డే లేదు. ఎటు చూసినా పునాదులు, కంకర కుప్పలు, సగం లేచిన గోడలు. ఆదివారం వస్తే స్కూటర్ల మీద మొగుడూ పెళ్ళాలు వచ్చి తమ ప్లాటు చుట్టూ తిరిగి, ఇక్కడ పడకగది, అక్కడ పూజగది అని చూపించుకుని పోయేవారు. తక్కిన రోజుల్లో నీళ్ళ ట్యాంకరువాడు తప్ప నన్ను పలకరించే నాథుడు లేడు.

మా ఆయన పొద్దున పోయి రాత్రికి వచ్చేవాడు. కాళ్ళు కడుక్కుని, తిని, పడుకునేవాడు. నేను ఏం అడిగినా ఊఁ, ఏం చెప్పినా ఊఁ. బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేవాడు. మొదట్లో అలసట అనుకున్నాను. తరవాత కోపమనుకున్నాను. ఆ తరవాత నాకే కోపం వచ్చింది. ఒకరోజు కావాలనే పప్పులో ఉప్పు రెండింతలు వేశాను. తిట్టనీ, కంచం విసిరికొట్టనీ, ఏదో ఒక మాట వస్తుంది కదా అని. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు, ఆగాడు, చెంబెడు మజ్జిగ పోసుకుని అంతా కలిపి తినేసి లేచాడు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. అలా మూడేళ్ళు గడిచాయి.

ఆ యేడు వానలకు నేను పెట్టిన బీరపాదు గోడ పట్టుకుని స్లాబు మీదికెక్కి, ఆ చువ్వలకు చుట్టుకుంది. పొద్దున్నే కాయలు కోద్దామని వెళితే ఆకుల మధ్య సాలెగూడు. మధ్యలో చింతగింజంత సాలెపురుగు, ఒంటి మీద పసుపూ నలుపూ పట్టీలు, కాళ్ళు రెండేసి జతగా చాపి తలకిందులుగా ఉంది. గూడులో నాలుగు వైపులకూ తెల్లగా మెలికల పట్టీ నేసింది. మా వాళ్ళు అంచు మీద నేసే మెలికలాగే ఉంది. మనసు లాగింది, అక్కడే కూర్చుండిపోయాను. అప్పుడు కనబడింది రెండోది. గూడు పైమూల, ఒక పోగు పట్టుకుని కందిగింజంత బక్కపురుగు. నేయదు, పెట్టదు, ఊరికే అంచున వేలాడుతూ ఉంది.

తల్లీ పిల్లా అనుకున్నాను. నేతవాళ్ళ ఇంట్లో పుట్టిన ఎవరైనా అదే అనుకుంటారు. మా ఇళ్ళలో పెద్దవాళ్ళు మగ్గం మీద ఉంటే పక్కన కండెలు చుడుతూ ఒక పిల్లో పిల్లాడో ఉండాల్సిందే. ఈ పిల్ల పనిదొంగ, కండెలు చుట్టకుండా తల్లి పని చూస్తూ కూర్చుంది అనుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఆ రాత్రి అన్నం పెడుతూ ఆయనకు చెప్పాను. ఊఁ అంటాడని తెలిసే చెప్పాను, గోడకు చెప్పుకునే కన్నా నయం కదా. ఆయన ముద్ద కలుపుతున్నవాడల్లా తలెత్తాడు.

"పిల్ల కండెలు చుడ్తున్నదా, పండుకున్నదా?" అన్నాడు.

మూడేళ్ళ తరవాత ఆయన నన్ను అడిగిన మొదటి మాట అది. పండుకున్నది, మొత్తం నీ పోలికే అన్నాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూసి నేను ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాను.

మర్నాడు బస్సుకు వెళ్ళేముందు తానే స్లాబెక్కాడు. ఇద్దరం టీ గ్లాసులు పట్టుకుని ఆ పాదు ముందు గొంతుక్కూర్చున్నాం. పిల్ల అప్పుడప్పుడూ పోగును కాలితో లాగి వదిలేది, గూడంతా వణికేది. పడుగు బిగువు చూస్తున్నది అన్నాడాయన. తల్లి చూడు ఎంత గీర, పిల్ల వైపు తిరగనైనా తిరగదు అన్నాను నేను. అది మొదలు రోజూ అదే వరస. పొద్దున అరగంట పైన, రాత్రి అన్నం దగ్గర అరగంట. పిల్ల ఏం చేసింది, తల్లి ఏం తిన్నది, గాలికి గూడు చినిగితే మళ్ళీ ఎప్పుడు నేసింది. ఆ మాటల వెంట పాతవి కూడా వచ్చేవి. చిన్నప్పుడు తాను మగ్గం కింద నిద్రపోయి గుంటలో పడ్డ సంగతి, వాళ్ళ నాయిన కండెతో నెత్తిన కొట్టిన సంగతి. ఒకరోజు మాటవరసకు "మన పిల్ల" అన్నాడు. అని, గ్లాసు వైపు చూస్తూ ఉండిపోయాడు. నేనూ వినబడనట్టే ఊరుకున్నాను గానీ, ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

మా పక్కింట్లో రామమోహనరావు సారు కిరాయికి ఉండేవాడు. గుంటూరు వైపు మనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాడు. మా స్లాబుకూ వాళ్ళ స్లాబుకూ మధ్య నడుమెత్తు గోడ. ఒక మధ్యాహ్నం బట్టలు ఆరేసుకుంటూ కనబడితే, మా ఇంటి వింత చూడు సారూ అని గొప్పగా పిలిచాను. గోడ మీద నుంచి వంగి, కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు.

"అది పిల్ల కాదమ్మా. దాని మొగుడు" అన్నాడు.

నేను నమ్మలేదు. ఇంతదానికి అంత మొగుడేంటి, వేళాకోళమా అన్నాను. ఆయన గోడకు చేరబడి పాఠం చెప్పినట్టు చెప్పడం మొదలుపెట్టాడు. ఈ జాతిలో మగది ఎప్పుడూ ఇంతేనట. ఈడుకొచ్చాక తన గూడు వదిలేసి వచ్చి ఆడదాని గూడు అంచున కాపు కాస్తుందట. పోగు లాగి వణికించడం, నేను ఈగను కాదు, నీ వాణ్ణే అని చెప్పుకోవడమట. ఒకరోజు ధైర్యం చేసి దగ్గరికి పోతుంది. కలిసిన మరుక్షణం ఆడది దాన్ని దారంతో చుట్టచుట్టి తినేస్తుంది. తప్పించుకునేవి తక్కువేనట. పచ్చటి గొల్లభామ పురుగుల్లో మగదాని తల పోయాక కూడా మొండెం తన పని తాను చేస్తుందట. తేళ్ళలోనూ ఉందట ఈ తిండి. తిన్నది గుడ్లకు బలమని కొందరంటారు, ఆకలి మీద ఉంటే తినడం ఎక్కువని కొందరంటారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కాలేజీలో ఆడపిల్లలకు మీరు చెప్పే చదువు ఇదేనా సారూ అన్నాను. పరీక్షలో వస్తుందమ్మా అన్నాడు పాపం. మళ్ళీ నేనే, తింటుందని తెలిసి కూడా అది ఎందుకు పోతుందని అడిగాను. సారు ఆలోచించి, దాన్ని అడిగిన వాళ్ళెవరూ లేరమ్మా అన్నాడు.

సారు అలా వెళ్ళాడో లేదో నాకు దిగులు పట్టుకుంది. దిగులంతా మా ఆయన గురించే. పిల్లను తల్లి తినేసిందని చూశాడంటే ఈ మనిషి ఇంకేం మాట్లాడతాడు. పోనీ పిల్ల కాదు, మొగుడని చెబితే, "మన పిల్ల" అన్న నోటితో ఇంకేం అంటాడు. ఎటు చూసినా మళ్ళీ ఆ ఊఁలే మిగులుతాయి. నాకు ఆ ఊఁలు వద్దు. ఈ బక్కపురుగు అంచున వేలాడినన్నాళ్ళే మా ఇంట్లో మాట ఉంటుందని నాకు అర్థమైపోయింది.

గోడ దగ్గరికి పోయి సారును కేకేశాను. కడుపు నిండుగా ఉంటే తినదా అని అడిగాను. తినకపోవచ్చు, గ్యారంటీ ఏం లేదు అన్నాడు. మా ఆయనకు మాత్రం ఈ సంగతి చెప్పొద్దని బతిమాలాను. సారు ఏదో అనబోయాడు, నా మొహం చూసి, అలాగేనమ్మా అని లోపలికి పోయాడు.

ఇక చూడండి నా అవస్థ. ఎదురు ప్లాట్లో పిచ్చిగడ్డి నడుమెత్తు పెరిగింది. అందులో పడి మిడతలు పట్టడం నా పని. తాపీమేస్త్రీలు గోడల మీద నుంచి చూసి నవ్వేవారు. నవ్వితే నాకేం. పట్టిన మిడతను తెచ్చి గూడులోకి విసిరితే ఆ మహాతల్లి చరచరా వచ్చి చుట్టేసుకునేది. తిను, బాగా తిను, వాడి జోలికి మాత్రం పోకు అని చెప్పేదాన్ని. నీ అదృష్టానికి ఇంట్లోనే ఉన్నాడు, పోగు లాగి పలకరిస్తున్నాడు, ఇంకేం కావాలే నీకు అని తిట్టేదాన్ని. చెబితే వింటుందా. సాయంత్రానికి మళ్ళీ ఆకలి మొహమే.

రాత్రిపూట మాత్రం పిల్ల కబుర్లు చెబుతూనే ఉండేదాన్ని. అబద్ధమని తెలిశాక చెప్పడం ఎంత కష్టమో. పిల్ల బాగుంది, తల్లి చాటున ఉంది అనేదాన్ని. పిల్ల ఎదగడం లేదేమని ఆయన ఎక్కడ అడుగుతాడోనని భయం. అడగలేదు. పైగా తానే, కొన్ని పిల్లలు అంతే, ఎంత తిన్నా ఒళ్ళు రాదు అన్నాడు. బతికిపోయాననుకున్నాను.

ఆ వారం దుకాణానికి సెలవు వచ్చిన రోజు. పొద్దున్నే ఇద్దరం టీ తీసుకుని పైకెక్కాం. చూద్దును కదా, బక్కది అంచు వదిలేసింది. గూడులో సగం దూరం దిగి, పోగు లాగుతోంది, ఆగుతోంది, మళ్ళీ లాగుతోంది. పెద్దది కదిలి దాని వైపు మెల్లగా తిరిగింది.

కింద చక్కెర డబ్బా మూత పెట్టానో లేదో, చీమలు పడతాయి, ఒక్కసారి చూసి రా అన్నాను. ఆయన కదలలేదు. తలుపు తీసి పెట్టి వచ్చినవు, కుక్క దూరుతుంది, నువ్వే పో అన్నాడు. కుక్కలకు మనింట్లో ఏముంది అన్నాను. చీమలకు మాత్రం ఏముంది అన్నాడు. నువ్వు పో అంటే నువ్వు పో అని కాసేపు కీచులాడుకున్నాం, గూడు మీద నుంచి కళ్ళు తిప్పకుండానే.

బక్కది దగ్గరికి చేరింది. పెద్దదాని పొట్ట కిందికి దూరింది. రెండూ అలా కదలకుండా ఉన్నాయి. తరవాత పెద్దది ఒక్క విసురున తిరిగి తెల్లటి దారం కుమ్మరించింది. కాళ్ళతో గిరగిరా తిప్పి చుట్టేసింది. తప్పించుకుందామని వాడు ఒక కాలు చాపినట్టే అనిపించింది నాకు. ఆ కాలు కూడా దారంలోకి పోయింది. తరవాత నోరు ఆనించి, అలాగే ఉండిపోయింది.

నాకు ఆయన వైపు చూడాలంటే భయమేసింది. చూస్తే ఆయన గూడును చూడటం లేదు, నన్ను చూస్తున్నాడు. జ్వరం వచ్చినవాళ్ళను చూసినట్టు చూస్తున్నాడు.

"పరేషాన్ గాకు వజ్రమ్మ. అది పిల్ల గాదు. దాని మొగడు" అన్నాడు.

"నీకెట్ల ఎరుక?"

"మొదటి వారమే సారు బస్సుల చెప్పిండు."

నాక్కూడా చెప్పాడన్నాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నవ్వొచ్చే సంగతే. ఆయన పెదవుల మీద కొంచెం నవ్వు కదిలింది కూడా. నాకు రాలేదు. పిల్ల ఏం చేసిందన్న కబుర్లు, ఎంత తిన్నా రాని ఒళ్ళు, అన్నీ తెలిసే అన్నాడన్నమాట. ఆ "మన పిల్ల" కూడా తెలిసే అన్నాడు. మరి ఎందుకు అన్నావని అడిగాను. నీ మొఖం వెలిగింది, చెడగొట్టబుద్ధి కాలేదు అన్నాడు. అంటే మాట్లాడటం చేతకాక కాదు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఈ మూడేళ్ళు నోట్లో ఏం పెట్టుకుని కూర్చున్నావు, నేనేం పాపం చేశానని గోడను చూసినట్టు చూశావు అని కడుపులో ఉన్నదంతా కక్కేశాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"దుకాణంల పొద్దుగాల్ల సంది అబద్ధాలే వజ్రమ్మ. పోయే రంగు పోదంట. ఒప్పని చీర మస్తు ఒప్పిందంట. ఇంటికొచ్చేసరికి నోరంత గలీజైనట్టుంటది. గా నోటితోని నీతోని ఏం మాట్లాడాలె? నీతోనన్న అబద్ధం ఆడొద్దని ఊకుంటున్న."

ఆయన నాకోసం దాచి తెచ్చిన మంచి అంటే అదట. రోజంతా ఊరందరికీ అబద్ధాలు పంచి, నిజాయితీ ఒక్కటి మాత్రం మూటగట్టుకుని నాకు తెచ్చాడు, అది ఊఁ అన్న ఒక్క అక్షరం. కోపం ఎటు పోయిందో తెలియదు. ఆ మనిషి మీద ఎంత జాలి, ఎంత ప్రేమ వచ్చిందో చెప్పలేను. అంతకు రెట్టింపు నా మీద నాకు జాలి వేసింది.

"నీ నిజం నేనేం జేసుకోను? అబద్ధమే చెప్పు. ఏదో ఒకటి చెప్పు, జర మాట్లాడు" అన్నాను.

ఆయన సరేనన్నట్టు తలూపాడు. సర్దుకుని కూర్చుని నా వైపు చూశాడు. నా మొహం చూశాడు, నా చేతులు చూశాడు. ఏదో వెతుకుతున్నాడు, నిజంగానే వెతుకుతున్నాడు. పెదవులు విడివడ్డాయి. నేను కొంచెం ముందుకు వంగాను. పెదవులు మళ్ళీ మూసుకున్నాయి. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళకు తడుముకోకుండా చెప్పే మనిషికి, ఇన్నేళ్ళు కాపురం చేసిన నాకు చెప్పడానికి ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. ఎండ చుర్రుమంటోంది. ఆయన మొహం చెమటతో తడిసిపోయింది, లెక్క రాని పిల్లవాడు అయ్యవారి ముందు నిలబడ్డట్టు కూర్చున్నాడు. చూడలేకపోయాను.

"పోనియ్యి. నాకేం రంది లేదు" అన్నాను.

దిగులేమీ లేదంటే ఆయన నమ్మాడు. హమ్మయ్య అన్నట్టు లేచి, రెండు గ్లాసులూ తీసుకుని కిందికి దిగిపోయాడు.